వచ్చే ఏడాది ప్రవక్త

వుడ్‌ల్యాండ్స్‌లో మా ఫ్లాట్‌కి ఒక బాంబ్ షెల్టర్ ఉంది. మాకేదో ప్రత్యేకంగా కట్టించారనుకునేరు, ఈ దేశంలో కాస్త కొత్త ఫ్లాట్లన్నిటికీ ఉంటుంది. ఇనప తలుపు, మందపాటి గోడలు, కిటికీ లేని చిన్న గది. యుద్ధమంటూ వస్తే అందులో దూరి ప్రాణాలు కాపాడుకోవాలి. యుద్ధం రాలేదు కాబట్టి మా పొరుగువాళ్ళు అందులో బియ్యం, చీపుళ్ళు, పిల్లల పాత సైకిళ్ళు పెట్టుకున్నారు. మేం అట్టపెట్టెలు పెట్టుకున్నాం. టీవీ వచ్చిన పెట్టె, మిక్సీ వచ్చిన పెట్టె, రైస్ కుక్కర్ వచ్చిన పెట్టె, లోపలి థర్మాకోల్ ముక్కలతో సహా. ఆ టీవీ పాడైపోయి, తీసి పారేసి చాలా కాలమైంది. పెట్టె మాత్రం నిక్షేపంలా ఉంది.

ఎందుకు దాచామయ్యా అంటే, మేం వచ్చే ఏడాది ఇండియా వెళ్ళిపోతున్నాం కనక.

ఈ మాట మా ఆయనది. ప్రతి ఉగాదికీ పచ్చడి నాలిక మీద వేసుకుని, చేదు దిగేదాకా కళ్ళు మూసుకుని, తెరవగానే, "వచ్చే ఉగాదికి బెజవాడలోనే" అంటారు. మాకు పంచాంగం ఎవరూ చదివి వినిపించరు గానీ ఈ ఒక్క ఫలం మాత్రం ఏటా తప్పదు. ఆయన అబద్ధాలకోరు కాదు, పాపం. బ్యాంకులో కంప్యూటర్ల పని, తలవంచుకుని వెళ్ళి తలవంచుకుని వస్తారు. అనేటప్పుడు మనస్ఫూర్తిగానే అంటారు. అదే వచ్చిన చిక్కు. నమ్మకంగా చెప్పేవాడి మాట వింటే మనకీ నమ్మాలనిపిస్తుంది కదా.

దాంతో మా కాపురమంతా ప్లాట్‌ఫారం మీద రైలు కోసం కూర్చున్నట్టు సాగింది. మంచాలు కొనలేదు. వెళ్ళేటప్పుడు మోసుకుపోలేం కదా అన్నారు. గోడకి మేకు కొట్టలేదు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కన్నాలు పూడ్చాలట. నేను ముచ్చటపడి కుండీలో కరివేపాకు మొక్క తెచ్చుకుంటే, "మనం వెళ్ళాక దానికి నీళ్ళెవరు పోస్తారే?" అని దాని మీద జాలిపడి, తెలిసినవాళ్ళకి ఇచ్చేసి వచ్చారు. మొక్క మీద చూపించిన జాలి నా మీద చూపించి ఉంటే ఎంత బావుండేదో.

ఇలా ఉండగా మా పక్క బ్లాకులో ఉండే ఆంటీతో స్నేహం కలిసింది. ఆవిడ రిటైరైన నర్సు. ఒంటరి మనిషి, క్రైస్తవులు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రబ్బరు తోటల్లో పనికి కుదిరాడట. ఈవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు గడగడా మాట్లాడతారు గానీ, ఆ తెలుగులో శ్రీకాకుళం, తమిళం, మలయ్, ఆసుపత్రి ఇంగ్లీషు అన్నీ కలిసి ఉంటాయి. లిఫ్టులో మొదటిసారి నన్ను చూసి, "అలామా! ఏటమ్మా, ఇంత సన్నంగా ఐపోనావు? మకాన్ సరిగ్గా చెయ్యట్లేదా?" అన్నారు. అన్నం తింటున్నావా అని నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. అక్కడే పడిపోయాను.

నేను ఒకప్పుడు తెనాలిలో తెలుగు టీచర్ని అని తెలిసిన రోజున ఆవిడ ఒక కోరిక కోరారు. వాళ్ళమ్మ చదువుకున్న వేదగ్రంథం, అంటే తెలుగు బైబిలు, ఒకటి ఉంది, నల్ల అట్టది. ఆంటీకి తెలుగు అక్షరాలు రావు.

"నాకు కథలు తెలుసమ్మా, ఇంగ్లీషులో చదివీసినాను. కానీ మాయమ్మ చదివినట్టు వినాలని ఉంది. నువ్వు చదివి పెట్టు. నేను నీకు వొండి పెడతాను."

బేరం బాగానే ఉంది. శనివారం సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టాను. మా ఆయన ఊరుకుంటారా? "పొద్దున వెంకటేశ్వరస్వామికి ఉపవాసం, సాయంత్రం యూదుల ప్రవక్తలకి పారాయణం. ఎవరో ఒకరు కరుణించకపోరు, కానీయ్" అన్నారు. నేను మాత్రం మొదట ఆంటీ చేసే చేపల పులుసు వాసన పీల్చుకోవడానికే వెళ్ళానని చెప్పాలి. శనివారం కాబట్టి తినడానికి లేదు. నాకు అన్నం, పప్పు వేరే వండేవారు.

ఆంటీకి కావలసింది ప్రవక్తల భాగం. యూదులు చెరలోకి వెళ్ళిన కాలం నాటిది. బబులోను రాజు వచ్చి యెరూషలేము కొల్లగొట్టి, కాస్త చదువూ పనితనమూ ఉన్నవాళ్ళందరినీ పట్టుకుపోయి తన దేశంలో పెట్టుకున్నాడు. వాళ్ళు అక్కడ ఎన్నో ఏళ్ళు బతికారు. ఆ రోజుల్లోనే, కొందరు వాళ్ళ మధ్య, కొందరు ఊళ్ళో మిగిలినవాళ్ళ మధ్య, ఈ ప్రవక్తలు తిరిగారు. ప్రవక్తంటే నేను మన జాతకాలు చెప్పేవాళ్ళ లాంటి వాళ్ళనుకున్నాను. కానే కాదు. వాళ్ళంత మొండిఘటాలని నేనెక్కడా చూడలేదు. ఒకాయన బజార్లో మెడ మీద ఎద్దు కాడి వేసుకుని తిరిగాడు. ఇంకొకాయన సాయంత్రం పూట అందరూ చూస్తుండగా ఇంటి గోడకి కన్నం పెట్టి, మూట భుజాన వేసుకుని అందులోంచి బయటికి వచ్చాడు, రేపు యెరూషలేములో మిగిలినవాళ్ళ గతి ఇదే అని చెప్పడానికి. చదువుతూ చదువుతూ ఆపేసి, "వీళ్ళావిడలు ఎలా వేగారో, ఆంటీ" అన్నాను.

"ఒక్కడితోనే వేగలేక చస్తన్నావు, నీకెందుకమ్మా వాళ్ళ గొడవ" అన్నారావిడ, టీ కప్పులో బిస్కట్టు ముంచుకుంటూ.

ఆ గోడకి కన్నం పెట్టినాయన చెరలో ఉన్నవాళ్ళ మధ్యే, ఒక కాలవ పక్కన కాపురం ఉన్నాడు. జనం ఆయన మాటలు వినడానికి గుంపులుగా వచ్చేవారట. మంచి గొంతున్నవాడు పాట పాడుతుంటే విన్నట్టు విని, ఆహా అనుకుని, ఇంటికెళ్ళి ఎప్పటిలానే ఉండేవారట. మనవాళ్ళు ప్రవచనానికి వెళ్ళొచ్చి "ఎంత బాగా చెప్పారండీ" అంటూ చెప్పుల కోసం వెతుక్కోవడం గుర్తొచ్చి నాకు తెగ నవ్వొచ్చింది.

ఆంటీ అప్పుడొక మాట అన్నారు. "వీళ్ళలో నాకు నచ్చింది ఏటో తెలుసా? ఊరు పడిపోకముందు జనాల్ని చెడామడా తిట్టీసినారు. పడిపోయాక అదే నోటితో ఓదార్చినారు. మనోళ్ళు తిరగేసి చేస్తారు. బాగున్నన్నాళ్ళూ పొగుడుతారు, పడిపోయాక తిడతారు." ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి రోగుల బంధువుల్ని చూసిన మనిషి ఆ మాట అంటే నేను కాదనలేకపోయాను.

సరే, అసలు సంగతికి వస్తాను. మాకు ఒక కూతురు. సెకండరీ మూడు, అంటే మన తొమ్మిదో తరగతి, చదువుతోంది. ఇక్కడే పుట్టింది. మేం తెలుగులో అడుగుతాం, అది ఇంగ్లీషులో జవాబిస్తుంది, చివర ఒక "లా" తగిలిస్తుంది. మాట తక్కువ. ఏది అడిగినా భుజాలెగరేసి "డోంట్ నో" అంటుంది. దీనికీ ఒక కారణం ఉంది, అది మా ఇంట్లో నవ్వుకునే కథే.

ప్రైమరీలో ఉండగా ఒక ఏడాది వాళ్ళ నాన్న ఉగాది మాట చాలా గట్టిగా అన్నారు. ఏదో ఇంటర్వ్యూ కూడా ఇచ్చి వచ్చారు. పిల్ల నమ్మి స్కూల్లో చెప్పేసింది. ఏడాది ఆఖరున క్లాసంతా కలిసి కేకు కోసి, అందరూ కార్డు మీద పేర్లు రాసి, కావలించుకుని ఏడ్చి వీడ్కోలిచ్చారు. ఆ ఉద్యోగం రాలేదు. జనవరిలో కొత్త తరగతి మొదలవగానే ఇది అదే యూనిఫాం వేసుకుని అదే పిల్లల మధ్యకి వెళ్ళి కూర్చుంది. పిల్లలు వదులుతారా? ఆ ఏడాదంతా దాన్ని "బై-బై" అని పిలిచారు. ఈ కథ వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వించాం. అది మాత్రం మా కథ మొదలవగానే లేచి లోపలికి వెళ్ళిపోయేది. సిగ్గు అనుకునేవాళ్ళం.

ఆ పిల్లకి ఈ ఏడాది స్కూల్ నెట్‌బాల్ జట్టులో చోటు దొరికింది. ఎగిరి బుట్టలో బంతి వేసే స్థానమట. ఇంటికి వచ్చి తనంతట తానే చెప్పింది, అందులోనే తెలియాలి ఎంత సంతోషమో. కానీ కోచ్ ఒక షరతు పెట్టింది. అంతకు ముందు ఎవరో అమ్మాయి మధ్యలో దేశం వదిలి వెళ్ళిపోతే జట్టు చెదిరిపోయిందట. అందుకని, సెకండరీ నాలుగు అయ్యేదాకా ఇక్కడే ఉంటావా, ఇంట్లో అడిగి సోమవారం చెప్పు అంది. లేకపోతే వేరే అమ్మాయికి ఇస్తారు.

వాళ్ళ నాన్న వార్తలు చూస్తూ, "చూద్దాంలే నాన్నా. అప్పటికి మనం ఎక్కడుంటామో!" అన్నారు.

"ఓకే" అంది పిల్ల. అంతే. ఏడ్చినా బావుండేది. బూట్లు విప్పి వరసగా పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. టీవీ కట్టేసి నానా మాటలూ అన్నాను. ఆయన, "నేనేం వద్దన్నానా? చూద్దామన్నాను" అన్నారు. అదండీ ఆయన వరస. వద్దని ఎప్పుడూ అనరు, ఔననీ అనరు.

ఆ శనివారానికి నేను ఒక పన్నాగం పన్నాను. కాడి మోసిన ప్రవక్త కథ మేం వదిలేసి ముందుకెళ్ళిపోయాం, మిగిలిపోయిన ముక్క ఒకటుంది. అది ఆయన ఉండగా చదవాలని. ఆంటీ ఫోన్ చేసి భోజనానికి రమ్మన్నారని చెప్పి ముగ్గురం వెళ్ళాం. ఆంటీకి ముందే చెప్పి పెట్టాను. ఆవిడ కోడికూర వండారు. దాంతో ఆయన కుర్చీకి కట్టేసినట్టు కూర్చున్నారు. పిల్ల సోఫా మూల ఫోన్ చూసుకుంటోంది.

నేను గొంతు సవరించుకుని చదివాను. మెడ మీద కాడి వేసుకుని తిరుగుతున్న ఆ ప్రవక్త దగ్గరికి ఇంకొక ప్రవక్త వస్తాడు. గుళ్ళో అందరి ముందూ ఆ కాడి లాగి విరగ్గొట్టి, ఇంకో రెండేళ్ళలో మనవాళ్ళందరూ చెరలోంచి తిరిగి వచ్చేస్తారని చాటుతాడు. జనానికి ఎంత ఇంపుగా ఉంటుంది! కాడి మోసినాయన కూడా, అలాగే జరగాలని నేనూ కోరుకుంటాను అంటాడు, మర్యాదస్థుడు. కానీ చెరలో ఉన్నవాళ్ళకి ఆయన పంపిన కబురు వేరు. ఇళ్ళు కట్టుకోండి, అందులో కాపురం ఉండండి. తోటలు వేసుకోండి, వాటి పళ్ళు తినండి. పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి. మీరున్న ఊరి మేలు కోరి ప్రార్థించండి, అది బాగుంటేనే మీరూ బాగుంటారు. రెండేళ్ళన్నవాడి మాట నమ్మకండి. 

తోటలు అన్నచోట నేను కాస్త ఒత్తి చదివాను. మా ఆయన కోడి ఎముక పక్కన పెట్టి నా వైపు చూశారు.

"అయితే ఆంటీ, ఈయన ఎక్కడుండి ఈ కబురు పంపాడు?" అని అడిగారు.

"యెరూషలేములోనే ఉండిపోనాడు బాబూ."

"అదీ సంగతి! తను సొంత ఊళ్ళో కూర్చుని, పరాయి దేశంలో ఉన్నవాళ్ళకి అక్కడే ఉండండి, చాలా బావుంటుందని సలహాలు. అచ్చం బెజవాడలో ఉండే మా అన్నయ్యే."

ఆంటీ పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, బిగబట్టుకున్నాను. ఆయనకి ఊపొచ్చింది. "తిరిగి రానే రారని అన్నాడా ఏమన్నా?"

"అనలేదు. వొస్తారన్నాడు. డెబ్బై ఏళ్ళయ్యాక."

"చూశావా! వస్తారన్నాడు" అని నా వైపు తిరిగారు, కేసు గెలిచినట్టు.

"వొస్తారు బాబూ. విన్నోళ్ళు కాదు, ఆళ్ళ మనవలు" అన్నారు ఆంటీ. తర్వాత ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేస్తూ, మామూలుగా, ధరలు చెప్పినట్టు చెప్పారు. "మా తాతా అంతే. వొచ్చే ఏడాది ఓడెక్కీస్తాం అనీవాడంట. అందుకే మాయమ్మని బడికి పంపనేదు. ఎల్లిపోయేవోళ్ళకి ఇక్కడి బడి ఎందుకని. చర్చిలో ఎవరో తెలుగక్షరాలు నేర్పితే ఈ ఒక్క పుస్తకం చదివింది. బస్సు మీద ఏ ఊరు రాసుందో చచ్చిపోయేదాకా తెల్లేదు. నన్ను పట్టుకునే బస్సెక్కేది." 

నా పన్నాగం నవ్వులాటకి పన్నింది, ఇంత దూరం పోతుందనుకోలేదు. అప్పుడు సోఫా మూల నుంచి మా పిల్ల తల ఎత్తకుండా అడిగింది.

"ఆంటీ, ఆ టూ ఇయర్స్ అన్న ప్రాఫెట్‌ని నమ్మినవాళ్ళు ఏమయ్యారు?"

"ఏమవుతారమ్మా. మూటలు కట్టుకుని కూచున్నారు."

"వాళ్ళకి కూడా కేక్ కట్ చేశారా?"

ఆంటీకి ఆ కథ తెలియదు కాబట్టి అర్థం కాలేదు. మాకు అర్థమైంది. మా ఆయన చెయ్యి కంచంలో అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళు మేం చెప్పుకుని నవ్విన కథని పిల్ల నోట విన్నది అదే మొదటిసారి, అదీ ఒక్క ముక్కలో. నాకు సిగ్గేసింది.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు పిల్ల మా కంటే నాలుగడుగులు ముందు నడిచింది. మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నాం. సోమవారం కోచ్‌కి జవాబు చెప్పాలి. నేనే కదిలించాను. "ఏవండీ, దానికేం చెప్పమంటారు?"

ఆయన నోరు తెరిచేలోపు పిల్ల, "నీడ్ నాట్ లా. నేను ఆల్రెడీ ఎస్ చెప్పేశాను" అంది.

"చెప్పేశావా? మమ్మల్ని అడక్కుండానా?" అన్నాను.

"మొన్నే ఆంటీని అడిగాను. మీరు ఇండియా వెళ్ళిపోతే నేను వాళ్ళింట్లో ఉండొచ్చా అని. కెన్, ఉండొచ్చు అన్నారు. కానీ ఫస్ట్ మీకు చెప్పమన్నారు. సో, చెప్తున్నా."

నాకు ముందు కోపం వచ్చింది. నిన్న రాత్రి పక్కన కూర్చుని కూర వడ్డించిన మనిషి ఒక్క మాట పొక్కనివ్వలేదే అని. తర్వాత ఆ పిల్ల ఎంత ఆలోచించి ఉంటుందో తట్టింది. ఎక్కడ పడుకోవాలి, స్కూలుకి ఏ బస్సు ఎక్కాలి, అన్నీ చూసుకుని ఉంటుంది. మేము లేని రోజులకి ఏర్పాట్లు చేసుకుని, మేం బాధపడతామని మాకు చెప్పకుండా ఆగింది.

వాళ్ళ నాన్న, "మమ్మల్ని వదిలేసి ఉండగలవా నాన్నా?" అన్నారు.

పిల్ల ఆయన వైపు వింతగా చూసింది. కోపం లేదు, వెటకారం లేదు. లెక్కలో తప్పు చేసినవాడికి చెబుతున్నట్టు ఓపిగ్గా చెప్పింది. "నేనెక్కడ వదుల్తున్నా? వెళ్ళేది మీరు కదా. నేను ఇక్కడే ఉన్నాను లా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచి పెట్టుకోవడం మర్చిపోయి చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. ఈ మనిషిని ఇన్నేళ్ళుగా సాధించాను, వెక్కిరించాను. ఆ క్షణంలో మాత్రం ఆయన మీద జాలేసింది, నా మీదా వేసింది.

"వెళ్ళం" అన్నారు. "ఎక్కడికీ వెళ్ళం. నువ్వు ఆడుకో."

ఆయన ఆ మాట ఏ ఊపూ లేకుండా, ఏ పండగ పూటా కాకుండా, అన్నం ముందు కూర్చుని చిన్న గొంతుతో అన్నారు. అది నిజమని నాకు తెలుసు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పిల్ల మాత్రం నా వైపు తిరిగి అడిగింది.

"అమ్మా, నాన్న చెప్పింది నమ్మొచ్చా?"